ఐదు రోజులు బడికి వెళ్ళొచ్చిన కాగితం

చిన్న తరగతులకు పాఠాలు చెప్పే ఉపాధ్యాయులందరికీ నమస్కారం.

నేనూ మీలో ఒకదాన్నే. రిటైరై కొన్నేళ్ళయింది. ఇప్పుడు నా పనల్లా మనవరాలిని పొద్దున బడికి తయారుచేసి పంపడం, సాయంత్రం దాని కబుర్లు వినడం. దానికి తొమ్మిదేళ్ళు. ఈ ఉత్తరం రాయడానికి కారణం దాని డైరీలో ఎర్రసిరాతో పడిన రెండు ముక్కలు: "చాలా నిర్లక్ష్యం. చెప్పిన పని గుర్తుండదు."

జరిగింది ఇదీ. పిల్లల్ని ఒక పూట బయటికి తీసుకెళ్తామని, ఇంట్లోవాళ్ళ సంతకంతో అనుమతి కాగితం తెమ్మన్నారు. సోమవారం పొద్దున వాళ్ళమ్మ సంతకం పెట్టింది. కాగితం బ్యాగులోకి వెళ్ళింది. సాయంత్రం అదే బ్యాగులో తిరిగొచ్చింది. మంగళవారం మళ్ళీ వెళ్ళింది, మళ్ళీ వచ్చింది. శుక్రవారానికి దాని మూలలన్నీ నలిగిపోయాయి, నీళ్ళ సీసా చెమ్మ తగిలి సంతకం అలుక్కుపోయింది. చివరికి టీచరే బ్యాగు తీయించి, కాగితం బయటికి లాగి, డైరీలో ఆ మాట రాసి పంపారు.

నాకు వింతగా తోచింది ఏంటంటే, ఆ వారమంతా అది రాత్రిళ్ళు దుప్పటి కప్పుకున్నాక చటుక్కున లేచి కూర్చునేది. "అమ్మమ్మా, కాగితం ఇవ్వనే లేదు!" అని నాలుక్కరుచుకునేది. ఏ కాగితం, ఎవరికివ్వాలి, ఎప్పటిలోగా ఇవ్వాలి, బ్యాగులో ఏ అరలో ఉంది, అన్నీ గడగడా చెప్పేది. పోనీ ఇష్టం లేక మరిచిపోయిందా అంటే, ఆ షికారు కోసం వేళ్ళ మీద రోజులు లెక్కపెట్టుకుంటోంది. కాగితం ఇవ్వాల్సిన ఆ కాస్త సమయంలో తప్ప మిగతా అన్ని వేళల్లోనూ దానికి కాగితం గుర్తుంది.

"మరి మీ టీచర్ అడగలేదా?" అన్నాను.

"అడగరు. నేను అడగను, మీరే గుర్తుపెట్టుకుని ఇవ్వాలి, బాధ్యత నేర్చుకోండి అన్నారు."

వినగానే నవ్వొచ్చింది. ఆ వెనకే సిగ్గూ వేసింది. ఎందుకంటే ఆ మాట నాది. అచ్చంగా అదే మాట, అదే గొంతుతో, నేను ఉద్యోగం చేసినన్నాళ్ళూ చెప్పాను. పిల్లలకి బాధ్యత నేర్పుతున్నాననే అనుకున్నాను. కాబట్టి ఇప్పుడు నేను రాస్తున్నదాంట్లో ఎక్కడైనా మీకు నిష్ఠూరం వినిపిస్తే, అందులో సగానికి పైగా నా మీద నాకున్నదే అనుకోండి.

నా క్లాసులో ఒక కుర్రాడుండేవాడు. ఐదో తరగతి. మూడో పీరియడ్ బెల్ కొట్టగానే అటెండెన్స్ రిజిస్టర్ ఆఫీసు గదిలో ఇచ్చి రావడం వాడి పని. వారంలో రెండు రోజులైనా మరిచిపోయేవాడు. మరిచిపోయిన రోజు గుమ్మం బయట నిలబెట్టేదాన్ని. ఎక్కాలు, పద్యాలు, పోయినేడాది పాఠాలు, అన్నీ నోటికొచ్చు వాడికి. అందుకే నాకు ఇంకా మండేది. "అంత పద్యం గుర్తుంటుంది, రిజిస్టర్ గుర్తుండదా? గుర్తుండకనా, లెక్కలేక!" అనేదాన్ని. వాడు ఎదురు చెప్పేవాడు కాదు. నా మాట నిజమేనేమో అన్నట్టు తల వంచుకునేవాడు. నన్ను ఇప్పటికీ బాధపెట్టేది అదే.

పద్యం గుర్తుండటం వేరు, రిజిస్టర్ గుర్తుండటం వేరు అని నాకు అప్పుడు తెలియదు. రెండింటికీ మనం 'జ్ఞాపకశక్తి' అని ఒకటే పేరు పెట్టుకున్నాం. మనస్తత్వ శాస్త్రం చదివినవాళ్ళు రెండోదాన్ని విడదీసి ప్రాస్పెక్టివ్ మెమరీ అంటారు. అంటే ముందు ముందు చేయాల్సిన పనిని, చేయాల్సిన సమయానికి తలుచుకోవడం. తెలుగులో నేను దీన్ని 'చేయాల్సినవాటి జ్ఞాపకం' అని చెప్పుకుంటున్నాను. ఇంతకంటే మంచి మాట మీకు తడితే అదే వాడండి.

తేడా ఏంటంటే, పద్యం చెప్పమని ఎవరో ఒకరు అడుగుతారు. ప్రశ్నపత్రం కూడా అడగడమే. అడగ్గానే పిల్లాడి మనసు వెతకడం మొదలుపెడుతుంది. రిజిస్టర్ విషయంలో అడిగేవాళ్ళుండరు. పద్యమైతే చెప్పడమొక్కటే పని. ఇక్కడ ముందు 'ఇప్పుడు వెతకాలి' అన్న సంగతి కూడా పిల్లాడికే తట్టాలి. ఫెర్గస్ క్రేక్ అనే శాస్త్రవేత్త 1980లలోనే చెప్పింది ఇది: బయటి నుంచి ఊతం తగ్గే కొద్దీ, మనిషి తనంతట తానుగా జ్ఞాపకాన్ని కదిలించుకోవాల్సిన భారం పెరుగుతుంది, ఆ భారం అన్నిటికంటే ఎక్కువగా పడేది ఇలాంటి పనుల్లోనే. "నేను అడగను, మీరే గుర్తుపెట్టుకోండి" అన్నప్పుడు నేను చేసిందేంటి? ఉన్న ఒక్క ఊతాన్నీ తీసేసి, పడిపోయినందుకు కొట్టాను.

తనంతట తాను కదిలించుకోవడానికి, చేస్తున్న పనిని ఆపి ఇంకో పనికి మళ్ళడానికి, మెదడులో నుదుటి వెనక ఉండే భాగం బాగా పనిచేయాలి. మెదడులో అన్నిటికంటే ఆలస్యంగా పక్వానికి వచ్చే భాగాల్లో అదొకటి. ఇరవైల్లోకి వచ్చాక కూడా అది ఎదుగుతూనే ఉంటుంది. తొమ్మిదేళ్ళ పిల్లకి ఆ భాగం పెద్దవాళ్ళలా నడవాలని ఆశించడం, దాని బూట్లు నా కాలికి పట్టాలని ఆశించడం లాంటిదే.

అలాగని చిన్నపిల్లలకి ఈ శక్తి అసలే లేదనుకోకండి. 1983లో సోమర్‌విల్, వెల్‌మన్, కల్టిస్ అనే ముగ్గురు పరిశోధకులు రెండు నుంచి నాలుగేళ్ళ పిల్లలున్న ఇళ్ళలో ఒక చిన్న ఏర్పాటు చేశారు. తల్లిదండ్రులే పిల్లలకి చెప్పాలి: ఫలానా పని ఫలానా సమయానికి నాకు గుర్తుచెయ్యి అని. కొన్ని పనులు పిల్లలకి నోరూరేవి, షాపుకెళ్ళినప్పుడు మిఠాయి కొనడం లాంటివి. కొన్ని వాళ్ళకేమీ పట్టనివి, ఆరేసిన బట్టలు లోపలికి తేవడం లాంటివి. నోరూరే పని, అదీ కాసేపట్లోనే చేయాల్సింది అయితే, రెండేళ్ళ పిల్లలు కూడా నూటికి 80 సార్లు గుర్తుచేశారు. రెండేళ్ళు! చెప్పులు ఎడమా కుడీ తెలియని వయసు.

ఇక్కడ మీలో కొందరు నన్ను పట్టేసుకుంటారని తెలుసు. "చూశారా, ఇష్టమైతే గుర్తుంటుంది. అంటే మరిచిపోవడం ఇష్టం లేకపోవడమేగా?" స్టాఫ్‌రూమ్‌లో నేనూ ఇదే వాదన చేసి ఉండేదాన్ని. మా మనవరాలి కాగితాన్నే చూడండి. దానికి షికారు మీద ఇష్టం ఉంది, కాగితం మీద లేదు. కాగితానికీ షికారుకీ ఉన్న లంకె పెద్దవాళ్ళ బుర్రలో ఉంటుంది. పిల్ల బుర్రలో షికారంటే బస్సు, కిటికీ పక్క సీటు, స్నేహితురాలు. కాగితమంటే కాగితం. ఇష్టం సాయపడుతుంది, నిజమే. అయితే అది సాయపడేది మనం అనుకున్నంత సూటిగా కాదు. ఇష్టం ఉండి కూడా గుర్తుకు రాకపోవడం మనకి మాత్రం కొత్తా? పుట్టినరోజు నాడు ఫోన్ చేద్దామనుకున్న చెల్లెలికి రాత్రి పదకొండింటికి చేసి, "పొద్దుట్నుంచీ అనుకుంటూనే ఉన్నానే" అని నమ్మబలికినవాళ్ళం కాదూ మనం!

ఇక రిజిస్టర్ కుర్రాడి సంగతి. ఒకరోజు వాణ్ణి కనిపెట్టి చూద్దామని కూర్చున్నాను. మూడో పీరియడ్ బెల్ కొట్టింది. వాడు తల ఎత్తాడు. ఆ ఎత్తడం నేను కళ్ళారా చూశాను. పెన్సిల్ చేతిలోనే ఉంది, నోట్సులో భాగాహారం సగంలో ఉంది, శేషం కింద ఇంకో అంకె దించుకోవాలి. ఒక్క క్షణం ఎటో చూసి, తల దించి ఆ అంకె దించుకున్నాడు. అంతే, రిజిస్టర్ పోయింది. నేను మాత్రం, 'బెల్ విన్నాడు, అయినా లేవలేదు, ఇది కచ్చితంగా పొగరు' అని తేల్చేసుకున్నాను.

ఆ తల ఎత్తిన క్షణంలో ఏం జరిగిందో చాలా ఏళ్ళ తర్వాత ఒక ప్రయోగం గురించి చదివినప్పుడు అర్థమైంది. 2001లో క్వావిలాష్విలి, మెసర్, ఎబ్డన్ అనే పరిశోధకులు నాలుగు, ఐదు, ఏడేళ్ళ పిల్లలతో ఒక ఆట ఆడించారు. ఒక బొమ్మ మోల్ (నేలలో బొరియలు తవ్వుకుని బతికే చిన్న జంతువు) ఉంటుంది, దానికి కళ్ళు సరిగా కనిపించవు. అందుకని పిల్లలు కార్డుల మీది బొమ్మల పేర్లు దానికి చదివి వినిపించాలి. మధ్యలో జంతువు బొమ్మ వస్తే మాత్రం దాన్ని మోల్‌కి కనపడకుండా దాచేయాలి, ఎందుకంటే దానికి వేరే జంతువులంటే భయం. దాచాలన్నదే ఇక్కడ గుర్తుంచుకోవాల్సిన పని. కొందరికి ఆ జంతువు కార్డు కట్ట మధ్యలో వచ్చింది, కొందరికి కట్ట చివర. చివర వచ్చినవాళ్ళు మధ్యలో వచ్చినవాళ్ళ కంటే బాగా గుర్తుపెట్టుకున్నారు. రెండు గుంపులకీ చెప్పిన మాట ఒకటే, పనీ ఒకటే. తేడా అల్లా, చేస్తున్న పనికి అడ్డు తగలాలా వద్దా అన్నది. ఇంకో సంగతి కూడా తేలింది. వయసు వల్ల వచ్చిన తేడా అనుకున్నదాని కంటే చిన్నదే.

అంటే నేను ఆ కుర్రాడికి "మూడో బెల్ కొట్టగానే" అని కాకుండా "లెక్క అయిపోగానే నోట్సు మూసి రిజిస్టర్ తీసుకో" అని చెప్పి ఉంటే సరిపోయేదేమో. బెల్ ఎప్పుడూ పని మధ్యలోనే మోగుతుంది. దాని స్వభావమే అది.

చివరి బెల్‌తో మనం చేసే ఇంకో పని మరీ దారుణం. బెల్ మోగుతుంటుంది, బెంచీలు కదులుతుంటాయి, జిప్పులు లాగుతుంటారు, అప్పుడు మనం గొంతు పెంచి, "రేపు అందరూ స్కేలు తెచ్చుకోండి, గ్రాఫ్ పుస్తకం కూడా, సైన్స్ రికార్డు సంతకం చేయించుకు రండి, మరిచిపోవద్దు!" అంటాం. 'మరిచిపోవద్దు' అన్నది ఒక్కటే అందరికీ స్పష్టంగా వినపడుతుంది. మర్నాడు సగంమంది ఖాళీ చేతులతో వస్తే, "నిన్న చెవిన ఇల్లు కట్టుకుని చెప్పాను కదా" అని విసుక్కుంటాం. ఒకవేళ విన్నా, ఆ మాటకి తగిలించుకోవడానికి కొక్కెం ఏదీ? రేపు ఎప్పుడు? ఏం చేస్తుండగా?

ఐన్‌స్టైన్, మెక్‌డేనియల్ అనే ఇద్దరు (ఆ ఐన్‌స్టైన్ కాదు, ఈయన గిల్ ఐన్‌స్టైన్, మనస్తత్వ శాస్త్రవేత్త) 1990లో ఇలాంటి పనుల్ని రెండు రకాలుగా విడదీశారు. ఏదో ఒకటి కనిపించినప్పుడో జరిగినప్పుడో చేయాల్సినవి ఒక రకం: టీచర్ కనపడగానే పుస్తకం ఇవ్వడం. ఫలానా సమయానికి చేయాల్సినవి రెండో రకం: పావుగంటయ్యాక పంపు కట్టేయడం. మొదటిదాంట్లో గుర్తుచేసేది ఒకటి కళ్ళముందుకి వస్తుంది. రెండోదాంట్లో ఏదీ రాదు, కాలం చప్పుడు చేయదు. అందుకే రెండోది మామూలుగా ఎక్కువ కష్టం, పిల్లలకి మరీను. మన నోట వచ్చేవేమో "కాసేపయ్యాక", "తీరిక చూసుకుని", "సాయంత్రంలోపు". ఇవి గడియారంలో కూడా లేని సమయాలు.

గడియారం మాటెత్తాను కాబట్టి, నాకు అన్నిటికంటే నచ్చిన ప్రయోగం ఇక్కడ చెప్పాలి. 1985లో స్టీఫెన్ సెసి, యూరీ బ్రాన్‌ఫెన్‌బ్రెన్నర్ చేశారు. పది, పద్నాలుగేళ్ళ పిల్లలకి ఒక పని అప్పగించారు: అవెన్‌లో పెట్టిన కప్‌కేకుల్ని, లేదా చార్జింగ్‌కి పెట్టిన మోటార్‌సైకిల్ బ్యాటరీని, 30 నిమిషాలు కాగానే తీసేయాలి. ఈలోగా వీడియోగేమ్ ఆడుకోవచ్చు. గడియారం వాళ్ళ వెనకుంది, చూడాలంటే తల తిప్పాలి. ఎన్నిసార్లు తిప్పారో లెక్కపెట్టారు. కొందరు పిల్లలు తమ ఇంట్లోనే ఈ పని చేశారు, కొందరు కొత్తచోట, ల్యాబ్‌లో.

ఇంట్లో ఉన్న పిల్లల్లో చాలామంది మొదట్లో గబగబా కొన్నిసార్లు గడియారం చూశారు. తర్వాత చూడటం మానేసి హాయిగా ఆటలో మునిగిపోయారు. గడువు దగ్గరపడ్డాక మళ్ళీ మాటిమాటికీ చూడటం మొదలుపెట్టారు. మొదట్లో ఎందుకు చూశారంటారు? పరిశోధకుల ఊహేంటంటే, తమ లోపలి గడియారాన్ని గోడ గడియారంతో సరిచూసుకున్నారట. 'నాకు ఐదు నిమిషాలనిపిస్తే అక్కడా ఐదేనా?' అని. సరిపోయింది అనుకున్నాక దాన్ని నమ్ముకుని ఆడుకున్నారు. పదేళ్ళ పిల్లలకి ఈ ఉపాయం ఎవరూ చెప్పలేదు! ల్యాబ్‌లో ఉన్న పిల్లల్లో ఎక్కువమంది అలా చేయలేకపోయారు. కొత్తచోటు, కొత్త మనుషులు. గడియారం చూడటం అంతకంతకూ పెరుగుతూ పోయింది, ఆట మీద మనసు నిలవలేదు. మన మాటల్లో చెప్పాలంటే టెన్షన్.

నా క్లాసులో గోడ గడియారం వైపు చూసిన పిల్లల్ని "పాఠం మీద ధ్యాస లేదా?" అని ఎన్నిసార్లు కసిరానో. వాళ్ళలో కొందరైనా నేనప్పజెప్పిన పని కోసమే చూస్తున్నారేమో. భయపెట్టి గుర్తుంచుకునేలా చేయొచ్చు అనుకోవడం గురించి కూడా ఈ ప్రయోగం చదివాక నా అభిప్రాయం మారింది. భయపడ్డ పిల్ల పని మరిచిపోకపోవచ్చు, కానీ ఆ అరగంటా ఇంకేదీ చేయదు. మీరు పాఠం చెబుతుంటే, అది కాగితం గురించి ఆలోచిస్తుంటుంది. ఇదేనా మనకి కావాల్సింది?

ఇక ఉపాయాల సంగతి. పిల్లలకి ఉపాయాలు తెలియవని మనం అనుకుంటాం. 1975లో క్రొయిట్జర్, లెనర్డ్, ఫ్లావెల్ అనేవాళ్ళు కిండర్‌గార్టెన్ నుంచి ఐదో తరగతి దాకా పిల్లల్ని కూర్చోబెట్టి అడిగారు: రేపు నీ స్కేట్లు బడికి తీసుకెళ్ళాలి, మరిచిపోకుండా ఉండటానికి ఏం చేస్తావు? పిల్లలు "బాగా గుర్తుపెట్టుకుంటాను" అని ఊరుకోలేదు. కళ్ళకి కనపడేచోట పెట్టుకుంటాం, చీటీ రాసుకుంటాం, అమ్మకి చెబుతాం, ఇలాంటి జవాబులే ఎక్కువ. తమ బుర్రని నమ్ముకోకూడదని వాళ్ళకి తెలుసు. ఈ వినయం మనకి లేదు.

నిజం చెప్పాలంటే మనం ఆ ఉపాయాల్ని మాన్పిస్తాం కూడా. అరచేతి మీద పెన్నుతో 'స్కేలు' అని రాసుకున్న పిల్లని నేను పంపు దగ్గరికి పంపాను. "చేతులు బోర్డులా ఇవి? కడుక్కుని రా!" అది వెళ్ళి, స్కేలుతో సహా అంతా శుభ్రంగా కడిగేసుకుని వచ్చింది. పెద్దవాళ్ళు కొంగున ముడి వేసుకుంటే జాగ్రత్త, పిల్లలు చేతి మీద రాసుకుంటే అల్లరి. (ఇంతకీ అరచేయి కంటే చేతి వెనకే మేలు. గుప్పిట మూస్తే అరచేతి రాత కనపడదు. ఇది మా మనవరాలి పరిశోధన.)

అయితే ఉపాయం తెలియడం ఒకటి, ఏ పనికి అది అవసరమో కనిపెట్టడం ఇంకొకటి. 2018లో ఏడు నుంచి పదమూడేళ్ళ పిల్లల మీద చేసిన ఒక అధ్యయనంలో, పని కష్టమని చిన్నవాళ్ళు కూడా ముందే గ్రహించారు. కానీ కష్టమైనవాటికే ఎక్కువ గుర్తులు పెట్టుకోవడం అన్నది కాస్త పెద్దపిల్లల్లోనే బాగా కనపడింది. మనం నేర్పాల్సిన చోటు అదే అనిపిస్తుంది నాకు. "మరిచిపోవద్దు" అనే బదులు, "ఇది మరిచిపోయే పనే. మరి ఏం చేద్దాం?" అని అడగాలి.

పీటర్ గోల్‌విట్జర్ అనే శాస్త్రవేత్త 1990ల నుంచి చెబుతూ వస్తున్న పద్ధతి ఒకటుంది. 'కాగితం ఇవ్వాలి' అని సంకల్పం చెప్పుకుంటే చాలదు, 'ఎప్పుడైతే ఇది జరుగుతుందో అప్పుడు అది చేస్తాను' అని ముందే జత కట్టుకోవాలి అంటాడాయన. మా ఇంట్లో తర్వాతి వారమే దీన్ని పరీక్షించే అవకాశం వచ్చింది. ఇంకో కాగితం, ఇంకో సంతకం. నేను గుర్తుచేయకూడదని ఒట్టు పెట్టుకుని, ఒకటే అడిగాను: "క్లాసులోకి వెళ్ళగానే నువ్వు మొట్టమొదట చేసే పనేంటి?" చాలాసేపు ఆలోచించింది. బ్యాగు పెడతాను, కాదు, దానికి ముందు శ్రావ్యతో మాట్లాడతాను (పేరు మార్చాను), కాదు, పెన్సిల్ బాక్స్ తీసి బెంచీ మీద పెడతాను. "అయితే పెన్సిల్ బాక్స్ తెరవగానే కాగితం ఇస్తాను" అని తనే అంది. కాగితాన్ని ఎనిమిది మడతలు పెట్టి రబ్బరు పక్కన ఇరికించింది. మూత సరిగా పడలేదు, ఫర్వాలేదంది. సాయంత్రం వచ్చీ రాగానే, గుమ్మంలోంచే, "ఇచ్చేశా!" అని అరిచింది.

ఇంతటితో గెలిచేశామని చెప్పను. అదే వారం లైబ్రరీ పుస్తకం మరిచిపోయింది. పుస్తకం పెన్సిల్ బాక్స్‌లో పట్టదు మరి.

"అన్నిటికీ ఇలా ఊతాలిస్తూ పోతే, ఎప్పుడు నేర్చుకుంటారండీ?" అని మీలో చాలామంది అడుగుతారు. న్యాయమైన ప్రశ్నే. పిల్ల ఇల్లు దాటేలోపు పదిసార్లు, "కాగితం పెట్టుకున్నావా, సీసా పెట్టుకున్నావా" అనే అమ్మలూ అమ్మమ్మలూ ఉన్నారు, నేనే అందులో మొదటిదాన్ని. అలా చేస్తే ఆ పని పిల్ల చేతుల్లోంచి మన చేతుల్లోకి వచ్చేస్తుంది, మనం లేనినాడు అది ఆగిపోతుంది. అందుకే నేను మిమ్మల్ని గుర్తుచేస్తూ ఉండమని అడగడం లేదు. గుర్తుకొచ్చే ఏర్పాటు పిల్లే చేసుకునేలా చూడండి అంటున్నాను. పెన్సిల్ బాక్స్‌లో కాగితం పెట్టుకున్నది మా మనవరాలు, నేను కాదు. పెద్దవాళ్ళ ప్రపంచంలో దీన్ని ఎవరూ తప్పుపట్టరు. విమానం నడిపేవాళ్ళు ఎన్నేళ్ళ అనుభవమున్నా చెక్‌లిస్ట్ చదవకుండా బయల్దేరరు. ఆపరేషన్ థియేటర్‌లో మరిచిపోకుండా చూసుకోవాల్సినవాటికి ప్రపంచ ఆరోగ్య సంస్థ 2008లో ఒక చెక్‌లిస్ట్ తయారుచేసి ఇచ్చింది. అది చదివే సర్జన్లని బాధ్యత లేనివాళ్ళని ఎవరైనా అంటారా?

కాబట్టి నా విన్నపం పెద్దదేమీ కాదు. క్లాసు గుమ్మం పక్కన ఒక ట్రే పెట్టండి, కాగితాలూ రికార్డులూ అందులో వేయమనండి. పిల్ల గుమ్మం దాటుతుండగా ఆ ట్రే కనపడుతుంది, అప్పటికింకా ఏ పనిలోనూ మునిగి ఉండదు. మీరు అడగక్కర్లేదు, మీ నియమం మీకే ఉంటుంది. రేపటి పనులు చివరి బెల్‌కి ఐదు నిమిషాల ముందు చెప్పండి. చెప్పి ఊరుకోకుండా, ఇద్దరు ముగ్గురిని లేపి, "నువ్వు దీన్ని ఎప్పుడు, ఎలా గుర్తుతెచ్చుకుంటావు?" అని అడగండి. ఒకళ్ళ ఉపాయం విని ఇంకొకళ్ళు నేర్చుకుంటారు, నవ్వుకుంటారు కూడా. చేతి మీద రాతల్ని చూసీ చూడనట్టు వదిలేయండి. తెచ్చిన రికార్డుకి మార్కులు వేయండి, తేవడం మరిచిపోయినందుకు సబ్జెక్టు మార్కులు కోయకండి. సైన్స్ మార్కులు సైన్స్ ఎంత వచ్చో చెప్పాలి కదా.

కొందరు పిల్లలు ఎన్ని ఏర్పాట్లు చేసినా మరిచిపోతూనే ఉంటారు. ఏడీహెచ్‌డీ (ధ్యాస, నిలకడ కుదరకపోవడం అనే ఇబ్బంది) ఉన్న పిల్లలు, ముఖ్యంగా సమయాన్ని బట్టి చేయాల్సిన పనుల్లో, తోటివాళ్ళ కంటే ఎక్కువ తడబడతారని పరిశోధనల్లో తేలింది. ఎవరికి ఏముందో తేల్చడం మన పని కాదు, డాక్టర్ల పని. కానీ రోజూ గుమ్మం బయట నిలబడుతున్న పిల్లాణ్ణి రోజూ చూసేది మనమే. వాడికి శిక్ష పని చేయడం లేదని అందరికంటే ముందు తెలిసేదీ మనకే.

అన్నిటికంటే ముఖ్యంగా, ఆ ఎర్రసిరా. పాఠం మరిచిపోతే 'మళ్ళీ చదవాలి' అని రాస్తాం. పని మరిచిపోతే 'నిర్లక్ష్యం' అని రాస్తాం. మొదటిదాంట్లో చదువుని అంటున్నాం, రెండోదాంట్లో మనిషిని. తొమ్మిదేళ్ళ పిల్ల ఆ మాటకి అర్థం నన్నే అడిగింది. "అంటే నాకు మీ మీద ప్రేమ లేదనా అమ్మమ్మా?" అంది. బడిలో నేను చెప్పింది భాషా పాఠాలే అయినా, ఆ మాటకి అర్థం చెప్పడానికి నోరు పెగల్లేదు. అలా రాసే బదులు 'కాగితం అందలేదు, రేపు ట్రేలో వేయాలి' అని రాయండి. డైరీ కూడా ఒక గుర్తే కదా.

ఆ రిజిస్టర్ కుర్రాడు ఇప్పుడెక్కడున్నాడో నాకు తెలియదు. కనపడితే ఆ భాగాహారం గురించి చెప్పాలని ఉంది.

ఇది రాస్తుండగా నిన్న రాత్రి జరిగింది చెప్పి ముగిస్తాను. లైట్ ఆర్పాను. మనవరాలు దుప్పటి కప్పుకుంది. కాసేపటికి చటుక్కున లేచింది. ఈసారి నన్ను పిలవలేదు. చీకట్లోనే తడుముకుంటూ వెళ్ళి, అలమారా తెరిచి, ఏదో తీసుకెళ్ళి గుమ్మం దగ్గర తన బూట్ల మీద పెట్టి వచ్చి పడుకుంది. "ఏంటే అది?" అన్నాను.

"చెప్పను. చెబితే పొద్దున నువ్వు గుర్తుచేసేస్తావు" అంది.

ఇట్లు,
మీ తోటి టీచర్, రిటైర్డ్